చంద్రుడు ఎవరూ చూడకపోయినా ఉంటాడు, అసలు వింత వేరే చోట ఉంది

మీ ఉత్తరంలోని సందేహాలు క్లుప్తంగా ఇవి. మీరు కామర్స్ చదివారు, ఫిజిక్స్ పదో తరగతితో సరి. ఈమధ్య యూట్యూబ్‌లో క్వాంటం ఫిజిక్స్ వీడియోలు వరసపెట్టి చూశారు. అణువంతా ఖాళీ అంటున్నారు కదా, మరి నేను కూర్చున్న కుర్చీ నిజమేనా? చూసినప్పుడే కణం ఒక చోట ఉంటుందంటే, చూడనప్పుడు చంద్రుడు ఉన్నట్టా లేనట్టా? జగత్తు మాయ అని పెద్దలు చెప్పినదాన్ని సైన్సు రుజువు చేసేసిందా? అంతా సంభావ్యతే అయితే తలరాత సంగతేమిటి? ఏదీ నిజం కాదేమోనన్న టెన్షన్‌తో నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదని రాశారు.

ఎం.ఎస్సీ. పిల్లలకు ఈ సబ్జెక్టు చాలాకాలం చెప్పినవాణ్ణి కాబట్టి ముందుగా ఒక మాట. ఇవి తెలియనివాళ్ళు అడిగే తేలిక ప్రశ్నలు కావు. ఐన్‌స్టీన్, క్వాంటం సిద్ధాంతాన్ని తీర్చిదిద్దినవారిలో ఒకరైన బోర్ ఏళ్ళ తరబడి వాదించుకున్నది వీటి మీదే. కాకపోతే మీరు భయపడుతున్న చోట భయపడాల్సిందేమీ లేదు. నిజంగా ఆశ్చర్యపోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. మీరు పంపిన వీడియోల్లో దాని ఊసే లేదు.

కుర్చీ సంగతి త్వరగా తేల్చేద్దాం. అణువు (ఆటమ్) వెడల్పు సుమారు మీటరులో వెయ్యి కోట్లవ వంతు. మధ్యలోని కేంద్రకం దానికంటే పదివేల నుంచి లక్ష రెట్లు చిన్నది. ఇంతవరకూ నిజమే. "మిగతాదంతా ఖాళీ" అన్నది మాత్రం 1913 నాటి బొమ్మను పట్టుకుని చెప్పే మాట. సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగినట్టు కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు తిరుగుతాయనే ఆ బొమ్మను 1926 నాటికే భౌతిక శాస్త్రం పక్కన పెట్టేసింది. ఎలక్ట్రాన్ స్థితి అణువంతటా పరుచుకుని ఉంటుంది, అక్కడ ఖాళీగా మిగిలిన గది అంటూ లేదు. పైగా రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవని పౌలీ 1925లో చెప్పాడు. పదార్థం తనలోకి తాను కుంగిపోకుండా నిలబడటానికి ఈ నియమం తప్పనిసరి అని డైసన్, లెనార్డ్ 1967లో గణితంతో నిరూపించారు. అంటే కుర్చీ ఎందుకు గట్టిగా ఉందో సరిగ్గా చెప్పగలిగిన మొదటి సిద్ధాంతం క్వాంటం మెకానిక్సే. నిశ్చింతగా కూర్చోండి.

ఇక చంద్రుడు. ఈ ప్రశ్న ఐన్‌స్టీన్‌దే. 1950 ప్రాంతంలో ఒకసారి నడుచుకుంటూ వెళ్తూ ఉన్నట్టుండి ఆగి, నువ్వు చూసినప్పుడే చంద్రుడు ఉంటాడని నిజంగా నమ్ముతున్నావా అని తన పక్కనున్న భౌతిక శాస్త్రవేత్త అబ్రహాం పైస్‌ను అడిగాడు. పైస్ స్వయంగా రాసిన జ్ఞాపకం ఇది. ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఒక ప్రయోగాన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి.

జపాన్‌లో హిటాచీ సంస్థ ప్రయోగశాలలో అకిరా తొనొమురా బృందం 1989లో చేసినది తీసుకుందాం. ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో, ఎలక్ట్రాన్ల దారికి అడ్డంగా చాలా సన్నని తీగ ఉంటుంది. ఎలక్ట్రాన్ ఆ తీగకు ఇటువైపు నుంచి పోవచ్చు, అటువైపు నుంచి పోవచ్చు. ఎలక్ట్రాన్లను బాగా తగ్గించి, ఒకటి తెరను చేరాకే తరవాతిది బయలుదేరేంత పలచగా పంపించారు. తెర మీద ఒక్కో ఎలక్ట్రాన్ ఒక్కో చుక్కగా పడుతుంది. మొదటి పది చుక్కలు చూస్తే ఎవరో విసిరినట్టు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. కొన్ని వందలు పడ్డాక కూడా ఏ తీరూ కనిపించదు. వేలల్లోకి వచ్చేసరికి చుక్కలు దట్టంగా ఉన్న చారలు, అసలు పడని చారలు ఒకదాని పక్కన ఒకటి తేలడం మొదలవుతుంది. లక్షకు పైగా పడ్డాక చారలు గీత గీసినట్టు ఉంటాయి. రెండు తరంగాలు కలిసినప్పుడు వచ్చే చారలు ఇవి. దారిలో ఇంకో ఎలక్ట్రాన్ లేదు కాబట్టి ఒకదానితో ఒకటి తగిలి ఇలా అయ్యాయనడానికి లేదు. ప్రతి ఎలక్ట్రానూ రెండు దారులనూ లెక్కలోకి తీసుకున్నట్టే ప్రవర్తించింది.

ఏ దారిన వెళ్ళిందో తెలిసేలా ఏదైనా ఏర్పాటు చేస్తే చారలు పోతాయి. ఇది నిజం. వీడియోలు చెప్పేది కూడా ఇదే. ఇక్కడి నుంచే అవి పక్కదారి పడతాయి: "చూడండి, మన మనసు చూడగానే ప్రకృతి తన తీరు మార్చుకుంది!"

మనసుకు ఇందులో పాత్ర ఉందా లేదా అన్నది వాదించి తేల్చుకోవాల్సిన పని లేదు, ప్రయోగాలే చెప్పాయి. వియన్నాలో ఆంటన్ జైలింగర్ బృందం 1999లో 60 కార్బన్ అణువులున్న ఫుల్లరీన్ అనే పెద్ద అణుసముదాయంతో ఇలాంటి చారలు రప్పించింది. అదే ఊళ్ళో 2004లో 70 కార్బన్ అణువులున్న ఫుల్లరీన్‌తో ఇంకో పని చేశారు. చీలికల దాకా వెళ్ళకముందే దాన్ని లేజర్‌తో వేడి చేశారు. బాగా కాలిన ఇనుము ఎర్రగా వెలిగినట్టే వేడెక్కిన ఆ ఫుల్లరీన్ కూడా దారిలో కాంతిని విడుస్తుంది. ఆ కాంతిని ఎవరూ పట్టుకోలేదు, ఏ కెమెరా పెట్టలేదు, అది వెళ్ళి యంత్రం గోడలకు తగిలి పోయింది. అయినా వేడి పెంచేకొద్దీ చారలు క్రమంగా మసకబారి చివరికి మాయమయ్యాయి. బయటికి పోయిన ఆ కాంతి కణం "నేను ఫలానా చోటి నుంచి బయలుదేరాను" అన్న సమాచారాన్ని మోసుకుపోయింది. అది చాలు. ఆ సమాచారాన్ని చదవడానికి మనిషి అక్కర్లేదు, మనసు అక్కర్లేదు.

దీన్ని డీకోహెరెన్స్ అంటారు. డీటర్ జే 1970లో మొదలుపెట్టాడు, 1980ల్లో జురెక్ దాన్ని బాగా పెంచాడు. పారిస్‌లో సెర్జ్ అరోష్ బృందం 1996లో ఈ మార్పు ఒక్క దెబ్బన కాక మెల్లమెల్లగా జరగడాన్ని కొలిచి చూపించింది. అరోష్‌కు 2012 నోబెల్ వచ్చింది.

ఇప్పుడు చంద్రుడి విషయం చూడండి. ప్రతి క్షణం ఎండ ఆయన మీద పడి చెదురుతోంది. అంతరిక్షపు ధూళి తగులుతోంది. ఆయన ఒంట్లోని వేడి కంటికి కనిపించని కాంతిగా బయటికి పోతోంది. ఇందులో ప్రతి ఒక్కటీ చంద్రుడు ఎక్కడున్నాడో చుట్టుపక్కల విశ్వంలో నమోదు చేస్తూనే ఉంది. మనుషులంతా కళ్ళు మూసుకున్నా, అసలు మనుషులే పుట్టకపోయినా ఆ నమోదు ఆగదు. చైతన్యమే ఫలితాన్ని తేలుస్తుందని యూజీన్ విగ్నర్ అంతటి భౌతిక శాస్త్రవేత్త 1961లో రాసిన మాట నిజమే. వీడియోల వాళ్ళు ఎక్కువగా చూపించేది దాన్నే. తరవాత ఆయనే ఆ అభిప్రాయాన్ని వదులుకున్నాడన్న సంగతి మాత్రం చెప్పరు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. సగం చెప్పి ఆపేసి మీలాంటి ఆలోచనాపరులకు నిద్ర లేకుండా చేస్తున్నారు.

ఇంతవరకూ చదివి "ఓస్, ఇంతేనా" అనుకోకండి. నేను మొదట్లో చెప్పిన అసలు ఆశ్చర్యం ఇప్పుడు వస్తుంది. దీనికి కొంచెం లెక్క కావాలి, బ్యాంకులో పనిచేసే మీకు అది ఒక లెక్కే కాదు.

పోలరాయిడ్ అద్దం తెలుసు కదా, కొన్ని చలువ కళ్ళద్దాల్లో వాడతారు. వాటిని పెట్టుకుని ల్యాప్‌టాప్ స్క్రీన్ వైపు చూస్తూ తలను పక్కకు వంచితే చాలా స్క్రీన్లు నల్లబడతాయి. కాంతికి ఒక వాలు ఉంటుంది, పోలరాయిడ్ వాలుకు, దానికి మధ్య కోణాన్ని బట్టి కాంతి దాటుతుంది. కోణం సున్నా అయితే మొత్తం దాటుతుంది, 90 డిగ్రీలైతే ఏమీ దాటదు, 60 డిగ్రీలైతే సరిగ్గా నాలుగో వంతు దాటుతుంది. ఒక్కో ఫోటాన్‌గా, అంటే ఒక్కో కాంతి కణంగా, పంపితే ఏ ఫోటానూ పావు వంతు దాటదు. దాటితే మొత్తం దాటుతుంది, లేదంటే ఆగిపోతుంది. 60 డిగ్రీల దగ్గర నూటికి పాతిక దాటుతాయి.

కాల్షియం లాంటి అణువుల నుంచి రెండేసి ఫోటాన్లు జంటగా పుట్టి చెరో దిక్కుకూ పోయేలా చేయవచ్చు. రెండు చివర్లా పోలరాయిడ్లు పెట్టాం అనుకోండి. ఒక్కోదాన్ని 0, 60, 120 డిగ్రీల్లో ఏదో ఒక కోణంలో, అప్పటికప్పుడు ఇష్టమొచ్చినట్టు తిప్పుతాం. ఒక్కో చివర ఫలితం "దాటింది" లేదా "ఆగింది". రెండు విషయాలు తేలతాయి. రెండు వైపులా ఒకే కోణం పెడితే రెండు ఫలితాలూ ఎప్పుడూ ఒకటే: ఇక్కడ దాటితే అక్కడా దాటుతుంది, ఇక్కడ ఆగితే అక్కడా ఆగుతుంది. వేరు వేరు కోణాలు పెడితే నూటికి పాతిక సార్లే ఫలితాలు కలుస్తాయి.

మొదటి విషయం వింటే మనకు వెంటనే తోచేది ఒకటే. ఇద్దరు విద్యార్థులను వేరు వేరు హాళ్ళలో కూర్చోబెట్టి, మూడు ప్రశ్నల్లో ఏదో ఒకటి అడిగాం. ఒకే ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఇద్దరూ ఒకే జవాబు చెబుతున్నారు. లోపలికి రాకముందే చిట్టీ రాసుకున్నారనేగా అర్థం? ఫోటాన్లు కూడా పుట్టేటప్పుడే మూడు కోణాలకూ జవాబులు రాసుకుని బయలుదేరాయని ఐన్‌స్టీన్ పక్షం. 1935లో పొడోల్‌స్కీ, రోజెన్‌లతో కలిసి ఆయన రాసిన వ్యాసం సారం ఇంచుమించు ఇదే: కణాల గుణాలు ముందే ఉన్నాయి, వాటిని చెప్పలేకపోవడం మీ క్వాంటం సిద్ధాంతంలోని లోపం.

ఎంతో సహేతుకమైన మాట. కానీ రెండో విషయాన్ని కూడా దాని పక్కన ఉంచి లెక్క చూడండి. ప్రశ్నలు మూడు, జవాబులు రెండే రకాలు. చిట్టీలో ఏం రాసుకున్నా మూడింటిలో కనీసం రెండు జవాబులు ఒకటే అయి తీరాలి. ఉదాహరణకు "దాటు, దాటు, ఆగు" అని ఉందనుకుందాం. వేరు వేరు ప్రశ్నలు అడిగే జతలు మూడు: ఒకటి-రెండు, ఒకటి-మూడు, రెండు-మూడు. వీటిలో మొదటి జతలో జవాబులు కలుస్తాయి, మిగతా రెంటిలో కలవవు. అంటే మూడో వంతు. మూడు జవాబులూ ఒకటే రాసుకుంటే నూటికి నూరూ కలుస్తాయి. ఏ తెలివి ఉపయోగించినా మూడో వంతు కంటే, అంటే నూటికి 33 కంటే తగ్గడానికి వీల్లేదు. ప్రకృతిలో వచ్చేది 25.

ఆ తేడాలోనే అంతా ఉంది. నేను ఫిజిక్స్‌లో చదివినవాటన్నిటిలోకీ ఒళ్ళు జలదరించేది ఇదే. వాదనకు మూలం జాన్ బెల్ 1964లో రాసిన చిన్న వ్యాసం. నేను చెప్పిన సులువైన రూపం డేవిడ్ మెర్మిన్ 1981లో ఇచ్చినదాన్ని అనుసరించింది. ఐన్‌స్టీన్, బోర్‌ల మధ్య ఎప్పటికీ తెగదనుకున్న తగవును బెల్ ప్రయోగశాలలో కొలిచే అంకెగా మార్చాడు. 1972లో ఫ్రీడ్‌మన్, క్లౌజర్ కొలిచారు. 1982లో ఫ్రాన్స్‌లో ఆలెన్ ఆస్పె బృందం, ఫోటాన్లు దారిలో ఉండగానే కోణాలు మారేలా చేసి కొలిచింది. లొసుగులు ఇంకా మిగిలాయన్నవారికి 2015లో జవాబు దొరికింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు వజ్రపు ముక్కల్లోని ఎలక్ట్రాన్లతో చేశారు. వాళ్ళు వాడిన కొలతలో ముందే రాసుకున్న చిట్టీలైతే 2 దాటకూడదు, క్వాంటం మెకానిక్స్ ప్రకారం గరిష్ఠంగా 2.83 దాకా పోవచ్చు. 245 సార్లు పరీక్షిస్తే 2.42 వచ్చింది. ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు 2022 నోబెల్ ఇచ్చింది ఈ పరంపరకే.

కాబట్టి మీ ప్రశ్నను కొంచెం మార్చి అడగాలి. "చూడనప్పుడు వస్తువు ఉంటుందా" అన్నది ఇక్కడ తేలిన ప్రశ్న కాదు. "కొలవని గుణానికి ముందే ఒక విలువ ఉండి, దూరాన జరిగేదానితో సంబంధం లేకుండా అది అలాగే ఉంటుందా" అంటే, అలా ఉండదని ప్రయోగాలు చెబుతున్నాయి. దీన్ని పట్టుకుని టెలిపతీ అనీ, మనసుతో మనసుకు కబురు పంపొచ్చనీ అనడం సరికాదు. ఏ ఒక్క చివర చూసినా సగం దాటడం, సగం ఆగడం తప్ప ఇంకేమీ కనిపించదు. రెండు చివర్ల ఫలితాల పట్టీలు పక్కపక్కన పెట్టుకుని సరిపోల్చినప్పుడే ఆ 25 బయటపడుతుంది. పట్టీ తేవాలంటే ఫోన్ చేయాలి, లేదా బస్సెక్కి తేవాలి. కాంతి కంటే వేగంగా ఒక్క అక్షరం కూడా పంపలేం.

మాయ గురించి. దీన్ని మీరు ఎంతో శ్రద్ధతో అడిగారు, నేనూ అదే శ్రద్ధతో చెబుతాను. శంకరాచార్యులు జగత్తును మిథ్య అన్నది నిజం. బయటి వస్తువులు లేవని, మన తెలివిలోనే ఉన్నాయని ఆయన అన్నారా? బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో "నాభావ ఉపలబ్ధేః" అనే సూత్రం దగ్గర ఆయన చేసిన పని దానికి పూర్తిగా ఎదురు. బయటి వస్తువులు లేవన్న విజ్ఞానవాద బౌద్ధులను అక్కడ ఖండిస్తారు: స్తంభమో, కుండో, గుడ్డో ఎదురుగా తెలుస్తూ ఉంటే లేదని ఎలా అంటావని. ఆ వెంటనే వచ్చే సూత్రంలో మెలకువ కలలాంటిది కాదని కూడా చెబుతారు. వ్యావహారిక సత్తా, అంటే రోజువారీ వ్యవహారంలో నిజం, అంటూ ఒక మెట్టును ఒప్పుకున్న అద్వైతులు కుర్చీనీ, చంద్రుణ్ణీ ఆ మెట్టు మీద ఎప్పుడూ కాదనలేదు. వారి ప్రశ్న అంతకంటే లోతైనది, దేశకాలాల్లో కనిపించే దేనికైనా స్వతంత్రమైన ఉనికి ఉందా అన్నది. పోలరాయిడ్ ముందు నూటికి ఎన్ని ఫోటాన్లు దాటాయో లెక్కపెడితే దానికి జవాబు దొరకదు.

క్వాంటం మెకానిక్స్‌కు మూలమైన సమీకరణం రాసిన ష్రోడింగర్‌కు వేదాంతమంటే గొప్ప మక్కువ. తన సమీకరణం ప్రచురించక ముందే, 1925లో, ఆ ప్రభావంతో తాత్విక వ్యాసం రాసుకున్నాడు. వేదాంతం ఆయన్ను కదిలించింది, సమీకరణాన్ని మాత్రం హైడ్రోజన్ వెలుగు రేఖల లెక్కతో సరిచూసుకున్నాడు. రెంటికీ ఉన్న గౌరవం రెంటికీ ఇచ్చాడు. మనమూ అలాగే చేయవచ్చు. ఉపనిషత్తుకు ప్రయోగశాల సర్టిఫికెట్ అవసరమని నేను అనుకోను. క్వాంటం హీలింగ్ అనీ, క్వాంటం కంకణమనీ జబ్బుపడ్డవాళ్ళ దగ్గర డబ్బు గుంజేవాళ్ళకు మాత్రం ఆ సర్టిఫికెట్ చాలా అవసరం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా అలాంటివి కొనబోతుంటే దయచేసి ఆపండి.

తలరాత విషయంలో నా దగ్గర పెద్దగా చెప్పడానికి లేదు. సంభావ్యత వల్ల భవిష్యత్తు ముందే పూర్తిగా నిర్ణయమై ఉందన్న పాత ధీమా సడలింది, నిజమే. అంతమాత్రాన మన ఇష్టానికి చోటు దొరికినట్టు కాదు. నా చెయ్యి అనుకోకుండా అదిరితే అది నా నిర్ణయం కాదు కదా. మెదడులో క్వాంటం స్థితులు ఎంతసేపు నిలుస్తాయో మాక్స్ టెగ్‌మార్క్ 2000లో అంచనా వేస్తే సెకనులో పది లక్షల కోట్ల వంతు కంటే కూడా తక్కువ వచ్చింది. నాడీకణాల పని అంతకంటే ఎన్నో రెట్లు నెమ్మదిగా సాగుతుంది. స్వేచ్ఛ గురించి ఆలోచించాలంటే క్వాంటం ఫిజిక్స్ మంచి చోటని నాకు అనిపించదు.

ఇక నిజంగా తెగని ముడి ఏమిటంటే, డీకోహెరెన్స్ వల్ల చారలు ఎందుకు పోతాయో తెలుస్తుంది. పోయాక రెండు ఫలితాల్లో ఇదే ఎందుకు వచ్చిందో, అది ఎందుకు రాలేదో తెలియదు. ఒక్కో ఫోటాన్ దాటడం, ఆగడం దేనివల్ల? బోర్ పక్షం ఆ ప్రశ్నే వద్దంటుంది. బోమ్ 1952లో, కణాలకు ఎప్పుడూ ఒక చోటు ఉంది, దూరాన ఉన్నది కూడా వాటి దారిని తక్షణం మారుస్తుంది అన్నాడు. ఎవరెట్ 1957లో, రెండు ఫలితాలూ వస్తాయి, ఒక్కో శాఖలో ఒక్కొక్కటి అన్నాడు. ఈ ముగ్గురి లెక్కలకూ ప్రయోగంలో వచ్చే జవాబు ఒకటే, అందుకే ఒకరినొకరు ఓడించలేకపోతున్నారు.

నా మొగ్గు వేరేవైపు. గిరార్డి, రిమిని, వెబర్ 1986లో, కణాన్ని వర్ణించే తరంగం ఉండుండి తనంతట తానే ఒక చోటికి కుదించుకుపోతుందని, వస్తువు పెద్దదయ్యేకొద్దీ అది త్వరగా జరుగుతుందని ప్రతిపాదించారు. అదే నిజమని నేను అనను. తప్పైతే ప్రయోగంలో దొరికిపోయేలా చెప్పారు, నాకు అది నచ్చింది. ఒక పరిమాణం దాటాక చారలు రావడం ఆగిపోవాలి. వియన్నాలో 2019 నాటికి సుమారు రెండు వేల అణువులున్న, హైడ్రోజన్ కంటే పాతికవేల రెట్లకు పైగా బరువున్న అణుసముదాయాలతో కూడా చారలు రప్పించారు. ఇంకా ఆగలేదు. గురుత్వాకర్షణే కుదింపుకు కారణమన్న డియోషి, పెన్‌రోజ్‌ల ఊహ నిజమైతే పదార్థం నుంచి చాలా బలహీనమైన కిరణాలు రావాలి. ఇటలీలో గ్రాన్ సాసో కొండ అడుగున జెర్మేనియం డిటెక్టర్ పెట్టి వెతికితే అవి రాలేదని, ఆ ఊహకున్న అతి సరళమైన రూపం నిలవదని 2020లో ప్రకటించారు. మీరు తాత్విక ప్రశ్న అనుకున్నది ఇలా ఒక్కో మెట్టుగా కొలతలోకి వస్తోంది.

ఒక పని చేయండి. మూడు ప్రశ్నలకు రాయగల చిట్టీలు మొత్తం ఎనిమిది. ఎనిమిదీ కాగితం మీద వేసి, ఒక్కోదానికి వేరు ప్రశ్నల మూడు జతల్లోనూ ఎన్ని కలుస్తాయో లెక్కపెట్టండి. రెంటికి మూడూ కలుస్తాయి, ఆరింటికి ఒక్కటే కలుస్తుంది, ఒక్కదానికీ సున్నా రాదు. అది మీ చేతితో తేలాక 25 అన్న అంకెను మళ్ళీ చూడండి. ఎక్కడైనా అడ్డుపడితే ఆ చిట్టీ రాసి పంపండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.